కనకరాజు గారు నిన్న రిజైన్ చేశారు

వైశాఖ పౌర్ణమి నాడు వెంకటరామయ్య వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పొద్దున్నే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషు పాఠం పెట్టాలి. నాచారం మార్కెట్టుకు వెళ్ళి పువ్వులు, అరటిపళ్ళు, తమలపాకులు తేవాలి. నీళ్ళ ట్యాంకరు రాగానే తలస్నానం చెయ్యాలి. సాయంత్రం భార్య పక్కన పీట మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం చేసుకోవాలి. ఇందులో పొరపాటు దూరడానికి ఎక్కడా సందు కనిపించదు. కానీ జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడికి సందు దొరకడం ఒక లెక్కా?

వ్రతం కమలకుమారి మొక్కు. మోకాలి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ కింద పీట మీద కూర్చోగలిగితే స్వామి వ్రతం చేయిస్తానని ఆవిడ ఆస్పత్రి మంచం మీదే మొక్కుకుంది. కాలు బాగైంది. ముహూర్తం కుదిరింది. బంధువులకీ, అపార్ట్‌మెంటులో వాళ్ళకీ బొట్టు పెట్టి పిలిచి వచ్చింది. కుదరనిదల్లా నీళ్ళే. సాయిమారుతి రెసిడెన్సీ బోరు ఉగాదికే ఎండిపోయింది. సంపు అడుగున పాచి తప్ప ఏమీ లేదు. ఇంట్లో మిగిలింది, ఆవిడ మడిగా పట్టి మూత పెట్టుకున్న ఒకే ఒక్క బిందె.

అయినా ఆవిడ ధైర్యంగానే ఉంది, ఎందుకంటే కనకరాజు మాట ఇచ్చాడు. కనకరాజు నాచారంలో మోటారు పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. సాయిమారుతి రెసిడెన్సీ సంఘానికి ప్రెసిడెంటు కూడా. ఆ పదవి ఆయన కోరుకున్నది కాదు, మీటింగుకు కొంచెం ఆలస్యంగా వస్తే ఖాళీగా మిగిలి ఉన్నది. లిఫ్టు ఆగినా, మోటారు కాలినా, ఎవరి కారు ఎవరి కారుకు అడ్డంగా పెట్టినా జనం వచ్చి బెల్లు కొట్టేది ఆయన ఇంటికే. అన్నిటికన్నా ముఖ్యం, ఉప్పల్ నుంచి ట్యాంకర్లు తిప్పే బాలరాజు ఆయన ఊరివాడు. ఆలేరు దగ్గర ఒకే బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. బాలరాజు దగ్గర బుకింగులూ టోకెన్లూ ఏమీ ఉండవు. ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న అడుగుతాడు: "అన్న చెప్పిండా?"

అన్న చెప్పాడు. తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు పోతూ మెట్ల దగ్గర వెంకటరామయ్యకు కూడా చెప్పి మరీ పోయాడు. "సార్, ఫికర్ జేయకున్రి. బాలరాజుకు చెప్పిన, ఎండ ముదరకముందే బండి ఒస్తది. అమ్మను నిమ్మలంగ పూజ జేసుకోమనున్రి."

ఆ నిశ్చింతతోనే వెంకటరామయ్య కుర్చీలో కూర్చుని ఫోను తీశాడు. స్కూలు నుంచి రిటైరైన మరుసటి వారం నుంచి ఆయన గ్రూపులో రోజూ ఒక పాఠం పెడుతున్నాడు. దగ్గర దగ్గరగా కనిపించే రెండు ఇంగ్లీషు మాటలు తీసుకుని, దేన్ని ఎక్కడ వాడాలో విడమరిచి చెప్పడం ఆ పాఠం పద్ధతి. మొన్న హౌస్, హోమ్. నిన్న లుక్, సీ. వాటిని ఎవరు చదువుతున్నారో భగవంతుడికే తెలియాలి. మొదటి అంతస్తు పాండురంగ మాత్రం రోజూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతాడు, చావు కబురుకు కూడా అదే బొమ్మ పెడతాడు.

ఆ రోజు మాటలు రిజైన్, రిటైర్. ఉదాహరణలో తెలిసినవాళ్ళ పేర్లుంటే పాఠం బుర్రకెక్కుతుందని వెంకటరామయ్య నమ్మకం. క్లాసులో రోజూ ఎవడో ఒకడి పేరు పెట్టి ఏనుగు మీద ఎక్కించేవాడు, బావిలోకి తోసేవాడు, ఏ పిల్లాడూ ఏమీ అనుకునేవాడు కాదు. అదే అలవాటుగా మొదటి రెండు వాక్యాలూ చక్కని ఇంగ్లీషులో ఇలా రాశాడు: "కనకరాజు గారు నిన్న రిజైన్ చేశారు. పాండురంగ గారు నిరుడు రిటైర్ అయ్యారు." ఆ కింద తేడా వివరించాడు. రిటైర్ అంటే వయసో గడువో వచ్చి మనల్ని పంపించెయ్యడం. రిజైన్ అంటే ఎవరూ పంపకుండానే మనంతట మనం వెళ్ళిపోవడం. మొదటిదానికి దండ వేస్తారు, రెండోదానికి కారణం అడుగుతారు.

వివరణ బాగానే ఉంది. కానీ అది కనపడాలంటే 'ఇంకా చదవండి' అన్నచోట వేలితో నొక్కాలి. సాయిమారుతి రెసిడెన్సీలో అంత ఓపికున్న వేలు ఒక్కటీ లేదు. పైగా పాండురంగ బ్యాంకు నుంచి నిరుడు నిజంగానే రిటైరయ్యాడు. ఒక వాక్యం నిజమైతే పక్క వాక్యం అబద్ధమని ఎవరనుకుంటారు? అన్నిటికీ మించి ఇంగ్లీషు వచ్చినవాడని సంఘం సెక్రటరీ పని వెంకటరామయ్యకే అంటగట్టారు. లిఫ్టు రిపేరనీ, చెత్త బండి రాదనీ నోటీసులు రాసేది ఆయనే. ఆ అలవాటు కొద్దీ పాఠం కింద కూడా 'వెంకటరామయ్య, సెక్రటరీ' అని పెట్టేస్తాడు. ఆ రోజూ పెట్టాడు.

"ఏవండీ, మార్కెట్టుకి వెళ్తారా, పిల్లల్లేని క్లాసులో పాఠం చెప్తూనే ఉంటారా?" అని కమలకుమారి వంటింట్లోంచి కేకేసింది. వెంకటరామయ్య ఫోను ఛార్జింగుకు పెట్టి, సంచి తీసుకుని బయల్దేరాడు.

ఆయన అరటిపళ్ళ బేరం ముగించుకుని తిరిగొచ్చేసరికి సెల్లారులో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరికైనా ఏమన్నా అయిందేమోనని గబగబా అటు నడిచాడు. తీరా చూస్తే మధ్యలో పాండురంగ చేతులూపుతూ మాట్లాడుతున్నాడు.

"ఏంది సార్ గిది? నేను పోయిన ఏడాది రిటైర్ అయితే ఒక్కలు దండ ఎయ్యలే. గిప్పుడు కనకరాజు రాజీనామా జేస్తే శాలువా కప్పుతరట! గీ అపార్ట్‌మెంట్ల ఉండెటోనికి విలువ లేదు, పొయ్యెటోనికే విలువనా?"

"కనకరాజు రాజీనామా చెయ్యడం ఏవిటండీ?" అన్నాడు వెంకటరామయ్య అయోమయంగా.

"మీరే రాసిన్రు కద సార్!"

వెంకటరామయ్యకు అరటిపళ్ళ సంచి ఒక్కసారిగా బరువెక్కింది. "అయ్యో, అది పాఠమండీ! ఉదాహరణ! కింద వివరంగా రాశాను, మీరెవరూ చదవలేదా?"

"ఉదాహరణనా? నేను రిటైర్ అయింది గుడ ఉదాహరణేనా?" అన్నాడు పాండురంగ.

"కాదు, మీది నిజం."

"మరి గాయనది అబద్ధమెట్లయితది?"

అంతలో రెండో అంతస్తు శ్యామలాదేవి ముందుకొచ్చింది. భీమవరం మనిషి, కొంగు నడుముకు దోపిందంటే ఎక్కడో ఒక పని చెడిపోయినట్టే లెక్క. "మీరేం కంగారు పడకండి మాస్టారూ. ప్రెసిడెంటు లేడని పనులాగిపోతాయా? ఆ ట్యాంకరు బాలరాజుకి నేనే ఫోన్ చేసేశాను. కనకరాజు గారు దిగిపోయారు, ఇకనించి ఏదున్నా నాతో మాట్లాడమని గట్టిగా చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పెట్టేశాడు."

వెంకటరామయ్య మూడు అంతస్తులూ ఒక్క ఊపిరిలో ఎక్కాడు. గ్రూపు నిండా మెసేజీలు. 'మీ సేవలు మరువలేనివి' అని ఒకరు, 'మీరు లేని సాయిమారుతి ఊహించలేం' అని ఒకరు, 'మా బాత్రూం లీకేజీ సంగతి తేల్చకుండా ఎలా వెళ్తారు' అని ఒకరు. ఆయన కంగారులో ముందు తన పాఠాన్ని చెరిపేశాడు. అంతే, మరుక్షణంలో కొత్త అనుమానం మొలిచింది. సెక్రటరీ పెట్టిన నోటీసును సెక్రటరీయే ఎందుకు తీసేశాడు? ఎవరు బెదిరించారు? కనకరాజు తనంతట తాను పోయాడా, పొమ్మన్నారా? అది కేవలం ఉదాహరణ అని ఆయన నాలుగైదుసార్లు రాశాడు. రాసిన ప్రతిసారీ జనానికి అనుమానం ఇంకా బలపడింది. 'ఒత్తిడి ఉంటే మాకు విడిగా చెప్పండి సార్' అని ఎవరో ధైర్యం కూడా చెప్పారు.

ఇక లాభం లేదని బాలరాజుకే ఫోన్ చేశాడు.

"నమస్తే సార్. బండి ఉప్పల్ రింగురోడ్డు దాటినంక మర్లిపిచ్చిన," అన్నాడు బాలరాజు. "లాలాపేట్ల ఫంక్షన్ ఉన్నదంటే ఆడ పోసిన్రు."

"బాలరాజూ, మా ఇంట్లో సాయంత్రం వ్రతం. అన్న నీకు ముందే చెప్పాడు కదయ్యా!"

"చెప్పిండు. ఆ అన్ననే మీరు దించేసిన్రు. ఎవలో మేడం ఫోన్ జేసి, 'ఆయన దిగిపోయిండు, ఇగ నాతోని మాట్లాడు' అంటది. మా అన్న ఆయనంత ఆయన పొయ్యే మనిషి గాదు సార్. మీ నీళ్ళ కోసం బతుకమ్మ పండుగ నాడు గుడ అత్తగారింటికి పోలేదు."

"ఎవరూ దించలేదయ్యా. నేను ఇంగ్లీషు పాఠంలో ఊరికే ఆయన పేరు రాశాను."

"ఊరికెనే రాసిన్రా? మీ పేరు రాసుకోవచ్చు కద సార్!" బాలరాజు గొంతులో నిజంగా బాధ ఉంది. "ఇంకో బండి నిండే ఉన్నది. అన్న నోటితోని ఒక్క మాట చెప్పమనున్రి, గప్పుడు పంపుత." ఫోను పెట్టేశాడు.

కనకరాజుకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. వాళ్ళ ఫ్యాక్టరీలో సెల్లులన్నీ గేటు దగ్గరే పెట్టించుకుంటారు. వెంకటరామయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. కమలకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. పొద్దుటినుంచి ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆవిడ నోరు తెరవబోయేలోగా వీధి తలుపు తెరుచుకుంది.

వచ్చింది కనకరాజు భార్య సత్తమ్మ. చేతిలో మిఠాయి డబ్బా, మొహం నిండా నవ్వు. "సార్, మీ నోట్ల చక్కెర పొయ్య! మస్తు మంచి ముచ్చట చెప్పిన్రు. ఇంట్ల నాతోని గుడ అనలేదు సూడున్రి ఆయన. నన్ను ఖుషీ జేద్దామనుకున్నడేమో."

"సత్తమ్మా, అసలు విషయం ఏవిటంటే..."

"మీకేం తెలుసు సార్ మా తిప్పలు! ఎన్నొద్దులాయె ఆయన కూసోని ఒక్క బుక్క నిమ్మలంగ తినక. కంచంల చెయ్యి పెడితే చాలు, టింగుమని బెల్లు కొడ్తరు. మోటర్ కాలింది అంటరు, లిఫ్ట్ల ఇరుక్కున్నరు అంటరు. ఇగ మేమిద్దరం ఐతారం నాడు యాదగిరిగుట్టకు పోతం. మా తమ్మునికి, మా మరదలుకు, అందరికి ఫోన్లు జేసిన." మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తుడుచుకుంది. "మీరు తీసుకోన్రి సార్, తియ్యని నోరు జేసుకోన్రి."

ఆ మొహం చూశాక అది అబద్ధమని చెప్పడానికి వెంకటరామయ్యకు నోరు రాలేదు. సిగ్గుతో ఒక లడ్డు తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చెయ్యి కడగడానికి ఇంట్లో నీళ్ళు లేవు.

సత్తమ్మ వెళ్ళిపోయింది. కమలకుమారి తలుపు వేసి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "ఏవండీ, ఆపరేషన్ బల్ల మీద నేను దేవుణ్ణి తలుచుకున్నాను, ఇంగ్లీషుని కాదు. సాయంత్రం పంతులుగారొస్తారు. ఊరందర్నీ బొట్టు పెట్టి పిలిచాను. కాళ్ళు కడుక్కోడానికి చెంబుడు నీళ్ళు లేని ఇంట్లో వ్రతం చెయ్యమంటారా? నాకు నీళ్ళు కావాలి. ఎలా తెస్తారో మీ ఇష్టం." గట్టిగా అరవలేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

మిట్టమధ్యాహ్నం ఎండలో వెంకటరామయ్య స్కూటర్ మీద ఫ్యాక్టరీకి చేరాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఆయన్ని కిందినుంచి మీదికి చూశాడు. "షిఫ్ట్ నడుస్తుంది. మధ్యల పిలవనియ్యరు. ఏం పని?"

"కనకరాజు గారితో ఒక్క నిమిషం మాట్లాడాలి. చాలా అవసరం."

"ఏం అవసరమో చెప్తేనే లోపటికి ఫోన్ కొడ్త."

వెంకటరామయ్య అప్పటికే వేడెక్కి ఉన్నాడు. "ఆయన రాజీనామా గురించి," అనేశాడు. ఆ రోజు ఆయన చేసిన రెండో తప్పు అది. మొదటిదానిలాగే దీన్నీ చక్కగా, స్పష్టంగా, ఎవరికైనా అర్థమయ్యేటట్టు చేశాడు.

కాపలా మనిషి ఫోనందుకున్నాడు. "సార్, కనకరాజన్న రాజీనామా గురించి ఎవరో పెద్దమనిషి ఒచ్చిండు. ఆఁ, రాజీనామానే." అవతల ఏదో కలకలం వినిపించింది. కాసేపటికి మెడలో కార్డు ఊగుతుండగా ఒక కుర్రాడు దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ ఫ్యాక్టరీ మేనేజరు కళ్యాణ్. వస్తూనే వెంకటరామయ్య చొక్కానీ, కళ్ళజోడునీ అనుమానంగా చూశాడు.

"మీరు ఏ కంపెనీ నుంచి వచ్చారండీ? చర్లపల్లి పంపుల వాళ్ళా?"

"ఏ కంపెనీ కాదు బాబూ. నేను ఇంగ్లీషు మాస్టారిని."

"ఇంగ్లీషు మాస్టారికి పంపులతో ఏం పని సార్?"

"పంపులతో కాదు, నీళ్ళతో పని!"

"చూడండి, పెద్దవారు, మీరు దాచక్కర్లేదు. కనకరాజు గారు లేకపోతే మా అసెంబ్లీ లైను ఒక్క పూట నడవదు. ఆయన్ని తీసుకుపోదామని ఎవరో తిరుగుతున్నారని నాకు ఎప్పటినుంచో అనుమానం. ఇవాళ గేటు దాకా వచ్చారన్నమాట!"

"ఆయన రాజీనామా చెయ్యలేదు బాబూ! అదే చెప్పడానికి వచ్చాను!"

"చెయ్యలేదని చెప్పడానికి ఎండలో ఇంత దూరం ఎవరైనా వస్తారా సార్?" అని కళ్యాణ్ వచ్చినంత వేగంగానే లోపలికి వెళ్ళిపోయాడు.

వెంకటరామయ్య గేటు పక్కన రేకుల నీడలో కూలబడ్డాడు. నీళ్ళ సంగతి అటుంచి, ఇప్పుడు కనకరాజు ఉద్యోగానికి కూడా ఎసరు పెట్టాననుకున్నాడు. ఆయన బయటికొచ్చి చొక్కా పట్టుకుంటే ఏం చెప్పాలి? సత్తమ్మకి ఏం చెప్పాలి? కమలకి అసలు ఏ మొహం చూపించాలి? తిట్టుకోవడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో అన్నీ అయిపోయాక ఇంగ్లీషులోకి దిగబోతూ, ఆ భాష మీదే విరక్తి కలిగి ఆగిపోయాడు.

షిఫ్టు విడిచిన గంట మోగింది. అందరికంటే ముందు కనకరాజే బయటికొచ్చాడు. వెంకటరామయ్య లేచి నిలబడి రెండు చేతులూ జోడించబోయాడు. కనకరాజు ఆ చేతుల్ని పట్టుకుని గట్టిగా ఊపేశాడు. మొహం వెలిగిపోతోంది.

"సార్! మీరు ఏం జేసిన్రో నాకు సమజ్ కాలే గని, మస్తు జేసిన్రు! పొద్దుమాపు షిఫ్ట్లు తిరగలేకపోతున్న, పగటిపూట జనరల్ షిఫ్ట్ ఇయ్యున్రి అని ఎన్నేండ్ల సంది అడుగుతున్ననో తెలుసా? ఒక్కలు ఇనలే. ఇయ్యాల మేనేజర్ సారే నా దగ్గరికొచ్చి, చాయ్ తెప్పిచ్చి, కుర్సీల కూసోబెట్టి, 'అన్నా, పోకే, రేపటి సంది నీకు జనరల్ షిఫ్టే' అన్నడు!"

వెంకటరామయ్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. గేటు దగ్గర ఫోను తీసుకున్న కనకరాజుకు జరిగిందంతా మొదటినుంచి చెప్పాడు. పాఠం, ఉదాహరణ, శ్యామలాదేవి ఫోను, లాలాపేట్‌కు పోయిన ట్యాంకరు, సత్తమ్మ లడ్డూలు. కనకరాజు వింటూనే గ్రూపులో మెసేజీలు ఒక్కొక్కటే చదువుకుంటున్నాడు. చదివేకొద్దీ ఆయన మొహంలో నవ్వు తగ్గి ఇంకేదో వచ్చింది.

"సార్, ఇన్నేండ్ల సంది నన్ను ఒక్కలు థ్యాంక్స్ అనలే," అన్నాడు నెమ్మదిగా. "లిఫ్ట్ ఆగితే తిట్టిన్రు. నడిస్తే నోరు మూసుకున్నరు. గిప్పుడు సూడున్రి, మర్వలేమంటున్నరు, గొప్పోనివి అంటున్నరు. పోతేనే గింత మంచిగున్నదంటే ఉండుడెందుకు సార్?"

"అది కాదు కనకరాజూ, నువ్వు..."

"ఒక్కటి చెప్పున్రి సార్. రిటైర్ అంటే ఇంకొకలు పంపితే పోవుడు. రిజైన్ అంటే మనంతట మనం పోవుడు. గంతేనా?"

"అంతే."

"గట్లయితే నేను రిజైన్ జేసిన."

"నిన్న నువ్వు చెయ్యలేదుగా!"

"నిన్న జెయ్యలే. ఇయ్యాల జేస్తున్న. మీరు ఒక దినం ముందుగాల రాసిన్రు, గంతే ఫరక్. మా ఇంటామె మిఠాయి గుడ పంచిందంటున్నరు. ఇగ ఎనకకు పోతే ఆమె నన్ను ఇంట్లకు రానియ్యది."

తన పాఠాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్న విద్యార్థి ఆయనకు సర్వీసులో ఎన్నడూ తగల్లేదు. ఇంకో రోజైతే పొంగిపోయేవాడే. ఇప్పుడు మాత్రం ఎండ నెత్తిమీద మాడుతోంది, ఇంట్లో ఒక్క బిందే ఉంది. "సరేనయ్యా, నీ ఇష్టం. వెళ్ళేముందు బాలరాజుకి ఒక్క ఫోన్ చెయ్యి. మా ఆవిడ పొద్దుటినుంచి ఉపవాసం ఉంది."

"అమ్మ కోసం జెయ్యనా సార్? చేస్త. గని వాడు ఇకనించి ఎవల మాట వినాలె అని అడుగుతడు. ఏం చెప్పాలె?"

"శ్యామలాదేవి గారు ఉన్నారుగా."

"ఆ మేడం పేరు చెప్తే మళ్ల పెట్టేస్తడు. పాండురంగ సార్ పేరు చెప్పొచ్చు గని, ఆయన ముందు దండ ఎయ్యమంటడు." కనకరాజు కాసేపు ఆలోచించినట్టు నటించాడు. "మీ పేరు చెప్పనా?"

వెంకటరామయ్యకు అర్థమైంది. రిటైరయ్యాక మిగిలిన ప్రశాంతమైన పొద్దులన్నీ, కాఫీతో సహా, కళ్ళముందు వరసగా కనిపించి వెళ్ళిపోయాయి. వాటి వెనక మూత పెట్టిన బిందె పక్కన కమలకుమారి కనిపించింది. "చెప్పు," అన్నాడు నీరసంగా.

కనకరాజు ఫోన్ చేశాడు. "అరే బాలరాజు, నన్ను ఎవలు దించలేదుర. నేనే దిగిన. ఇగ మా సారే ప్రెసిడెంట్. సారు చెప్తే నేను జెప్పినట్టే. బండి జల్ది పంపు, అమ్మ పూజ ఉన్నది."

"ఏ సారు అన్నా? గా ఇంగ్లీషు సారా?"

"ఆయనే."

"మంచిగనే ఉన్నది గని, నాతోని తెలుగుల మాట్లాడమను," అన్నాడు బాలరాజు.

కొత్త ప్రెసిడెంటు ఎవరో కనకరాజు గేటు దగ్గరే గ్రూపులో కూడా పెట్టేశాడు. ట్యాంకరు వీళ్ళకంటే ముందే సాయిమారుతి చేరింది. సంపులో నీళ్ళు పడుతున్న చప్పుడు వింటూ కమలకుమారి బాల్కనీలో నిలబడి దండం పెట్టుకుంది. దేవుడికో, ట్యాంకరుకో వెంకటరామయ్య అడగలేదు. సాయంత్రం ఆవిడ కొత్త చీర కట్టుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మోకాలు నెమ్మదిగా మడిచి పీట మీద కూర్చుంది. కూర్చున్నాక ఒకసారి భర్త వైపు చూసి నవ్వింది. పొద్దుటినుంచి ఆవిడ నవ్వడం అదే మొదలు. ఆ ఒక్క క్షణం ఆయనకు జరిగిందంతా మంచికే అనిపించింది.

రెండో కథ సగంలో ఉండగా బెల్లు మోగింది. నాలుగో అంతస్తుకు నీళ్ళెక్కడం లేదట. మూడో కథలో లిఫ్టు ఆగిందని వచ్చారు. బాత్రూం లీకేజీ వాళ్ళయితే కథ వింటున్నట్టు వచ్చి ప్రెసిడెంటు వెనకాలే కూర్చుని చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. వెంకటరామయ్య లేవబోతే పంతులుగారు కోప్పడ్డారు, లేవకపోతే జనం కోప్పడ్డారు. ఇంత గొడవలోనూ కనకరాజు ఫ్యాను కింద సత్తమ్మ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని, రవ్వ ప్రసాదం రెండోసారి పెట్టించుకుని, ఒక్కొక్క ముద్దా కళ్ళు మూసుకుని తిన్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. పాండురంగ తెచ్చిన శాలువా కూడా ఆయన భుజం మీదే ఉంది.

మర్నాడు పొద్దున్నే వెంకటరామయ్య పాఠం పెట్టలేదు. ప్రెసిడెంటు పదవి తనవల్ల కాదనీ, నేటినుంచి రిజైన్ చేస్తున్నాననీ, ఇది ఉదాహరణ కాదనీ, దయచేసి నమ్మమనీ చక్కని ఇంగ్లీషులో రాసి, కింద పేరు పెట్టి, గ్రూపులో వేశాడు.

అందరికంటే ముందు పాండురంగ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ఇవాళ్టి ఉదాహరణ నిన్నటిదానికంటే చాలా సహజంగా ఉందని మెచ్చుకున్నాడు.